పిల్లి పాదాలకు, చెవులకు రోజూ అయిదు నిమిషాలు

పిల్లికి రిఫ్లెక్సాలజీ, అంటే పాదాల్లో, చెవుల్లో కొన్ని చోట్ల నొక్కి ఒంటిని బాగుచేస్తామనే పద్ధతి, చేద్దామనుకునేవారు మొదట ఒక విషయం తేల్చుకోవాలి. పాదంలో ఫలానా చోట నొక్కితే ఫలానా అవయవం బాగవుతుందని పిల్లుల్లో రుజువు కాలేదు. 1910ల్లో అమెరికాలో విలియం ఫిట్జెరాల్డ్ అనే చెవి ముక్కు గొంతు వైద్యుడు మనిషి శరీరాన్ని నిలువుగా 10 భాగాలు చేసి ‘జోన్ థెరపీ’ అని ప్రచారంలోకి తెచ్చాడు. 1930ల్లో యూనిస్ ఇంగమ్ అనే ఫిజియోథెరపిస్టు దాన్ని అరికాళ్ల మీదికి మళ్లించి పటాలు గీసింది. ఆ పటాలు పిల్లికి ఎందుకు అతకవో దాని కాలు చూస్తేనే తెలుస్తుంది. పిల్లి వేళ్ల మీద నడుస్తుంది. వెనక కాలిలో మోకాలు వెనక్కి వంగినట్టు మనకు కనబడే చోటే దాని మడమ. మన అరికాల్లో సగానికి పైగా ఉన్న భాగం పిల్లికి నేలకే తగలదు. కాబట్టి మార్కెట్లో రంగురంగుల పటం అమ్మితే డబ్బు పెట్టకండి.

అయితే పాదాలను, చెవులను ఒక వరసలో, తేలిగ్గా, రోజూ నిమరడం వల్ల మూడు మేళ్లున్నాయి. వీటికి ఏ పటమూ అక్కర్లేదు. నచ్చిన చోట నిమిరితే పిల్లి ఒళ్లు సడలుతుంది, మనిషి మీద నమ్మకం కుదురుతుంది. పాదం ముట్టుకోనిచ్చే పిల్లికి గోళ్లు తీయడం, ముల్లు లాగడం, మందు వేయడం తేలిక. అన్నిటికన్నా పెద్ద మేలు, జబ్బు తొందరగా దొరకడం. పిల్లి నొప్పిని దాచుకుంటుంది. కొబ్బరితోటలూ చేలగట్లూ తిరిగొచ్చి అరుగు కింద ముడుచుకుని పడుకున్న పిల్లి అలిసిందో, జబ్బు పడిందో చూపుకు తేలదు. చేతికి తేలుతుంది. ఈ మూడింటి కోసం చేయండి. వైద్యానికి బదులుగా మాత్రం చేయకండి.

పాదం ఎలా ఉంటుంది, ఎంత నొక్కాలి

ముందు పాదానికి ఏడు మెత్తలుంటాయి. నాలుగు వేళ్లకు నాలుగు, లోపలి పక్క నేలకు తగలని బొటనవేలికి ఒకటి, మధ్యలో పెద్దది ఒకటి, మణికట్టు వెనక చిన్నది ఒకటి. వెనక పాదానికి అయిదే. నాలుగు పాదాలకూ కలిపి 24 మెత్తలు, 18 గోళ్లు. కొన్ని పిల్లులకు పుట్టుకతోనే అదనపు వేళ్లుంటాయి, అది జబ్బు కాదు. మీ పిల్లికి ఎన్ని ఉన్నాయో ముందే లెక్కపెట్టుకుని ఉంచుకుంటే గోరు ఊడినప్పుడు వెంటనే తెలుస్తుంది.

మెత్తల్లో నేల అదురును పసిగట్టే నరాల కొసలుంటాయి. పాదం పట్టుకోగానే పిల్లి లాక్కునేది పొగరుతో కాదు, అక్కడ దానికి స్పర్శ ఎక్కువ కాబట్టి. ముందు కాళ్లకు మణికట్టు వెనక మీసాల్లాంటి గట్టి వెంట్రుకలు కొన్ని ఉంటాయి. వాటిని ఎదురు దువ్వినా, వేలితో నలిపినా చాలా పిల్లులు సహించవు. చెమట కూడా ముఖ్యంగా ఈ మెత్తల్లోనే పడుతుంది. తడిలో నడవకపోయినా గచ్చు మీద తడి అడుగులు కనిపిస్తే పిల్లి బెదిరి ఉందనో, ఒళ్లు వేడెక్కిందనో అనుకోవాలి. ఆ పూట మానేయండి.

మనుషులకు చేసేటప్పుడు బొటనవేలి కణుపు వంచుతూ చాపుతూ అరికాలంతా నొక్కుకుంటూ పోతారు. పిల్లి పాదంలో అంత చోటు లేదు. మధ్య మెత్త వెడల్పు మామూలుగా రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. అందుకని చూపుడువేలి కొసన మెత్తటి భాగం వాడాలి. ఎంత నొక్కాలో తెలియాలంటే మీ కన్ను మూసుకుని, రెప్ప మీద అదే వేలు ఆనించి చూడండి. కంటికి ఇబ్బంది లేకుండా ఎంత నొక్కగలరో, పిల్లి మెత్త మీద అంతకు మించకూడదు. గట్టిగా నొక్కితే గట్టిగా పనిచేస్తుందన్న మాట పిల్లి దగ్గర చెల్లదు. ఒకసారి నొప్పి పుట్టిందంటే ఆ పూట గీరుతుంది, తర్వాత చాలా రోజులు పాదం ఇవ్వదు.

వేళ, చోటు, చేతులు

పిల్లి సహజంగా తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ చురుగ్గా ఉంటుంది. అప్పుడు పట్టుకుంటే ఆటనుకుని కరుస్తుంది. పొద్దున ఇంటి పనులు సద్దుమణిగాక పది పదకొండు గంటలకో, రాత్రి భోజనాలయ్యాక తొమ్మిదింటికో మంచిది. పిల్లి తిని ఒక గంటయినా కావాలి. ఏప్రిల్, మే నెలల్లో గోదావరి డెల్టాలో ఎండ కన్నా ఉక్క ఎక్కువ బాధిస్తుంది. ఆ రోజుల్లో మధ్యాహ్నం దాన్ని చల్లటి గచ్చు మీద పడుకోనివ్వండి, ఒళ్లో పెట్టుకోకండి. ఆడకుండా, పరుగెత్తకుండానే నోరు తెరిచి కుక్కలా రొప్పుతున్న పిల్లి ప్రమాదంలో ఉన్నట్టు. దానికి కావలసింది నీడ, గాలి, తడిగుడ్డ, డాక్టరు.

చోటు ఎప్పుడూ ఒకటే ఉండనివ్వండి. గోడవార తుంగచాప వేసి, దాని మీద పాత నూలు చీర నాలుగు మడతలు పెట్టి, ఆ బట్టను దీనికే కేటాయించండి. తరచూ ఉతక్కండి. పిల్లి బుగ్గల వాసన దానికి పట్టాలి. దీని అవసరం వరదల దగ్గర చెబుతాం. మిక్సీ, కుక్కర్ విజిల్, టీవీ గోల లేని సమయం చూసుకోండి. తలుపు మూయకండి. వెళ్లిపోయే దారి కనిపిస్తేనే పిల్లి నిలకడగా కూర్చుంటుంది.

చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పచ్చిమిర్చి, ఊరగాయ కారం, ఎండుచేప ఉప్పు, దోమల క్రీము, నొప్పుల బామ్, ఇవేవీ వేళ్లకు ఉండకూడదు. పిల్లి తన ఒంటిని నాకి శుభ్రం చేసుకుంటుంది కాబట్టి మీ చేతికున్నది దాని కడుపులోకి పోతుంది. ఉంగరాలు, గాజులు తీసేయండి. గోళ్లు కత్తిరించుకోండి.

పక్కన చిన్న గిన్నెలో ఉప్పు, కారం వేయకుండా ఉడికించిన కోడిమాంసం గోరంత ముక్కలుగా తుంచి పెట్టుకోండి. ముళ్లు తీసిన ఉడికించిన చేప అయినా ఫరవాలేదు. పులుసులో ముక్క కడిగి పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి, వాటి సారం ముక్కలోకి దిగుతుంది, కడిగితే పోదు. పచ్చిచేప కూడా రోజూ పెట్టకూడదు. కొన్ని రకాల పచ్చిచేపల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైము ఉంటుంది. చెరువు చేప చవగ్గా దొరికే ఊళ్లలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

ముందు అడగండి

పిల్లిని పట్టి తెచ్చి కూర్చోబెట్టకండి. మెడ వెనక చర్మం పట్టి లేపడం అసలే వద్దు. మీరు నేల మీద కూర్చుని, చూపుడువేలు దాని ముక్కు ఎత్తున, ఒక జానెడు దూరంలో ఆపండి. వచ్చి వాసన చూసి బుగ్గ రాస్తే సరేనన్నట్టు. మూడు సెకన్లు బుగ్గ నిమిరి చెయ్యి తీసేయండి. మళ్లీ దగ్గరికి జరిగితే కొనసాగించండి, ముఖం తిప్పుకుంటే వదిలేయండి. ప్రతి అర నిమిషానికీ ఇలా చెయ్యి తీసి అడుగుతూనే ఉండాలి. ఎక్కువమంది గీకుడు తినేది ఈ మెట్టు దాటేసినందువల్లనే.

వద్దనడానికి పిల్లికి చాలా గుర్తులున్నాయి. తోక కొస టపటపా కొట్టడం, చెవులు పక్కలకు తిరగడం, వీపు మీద చర్మం అలలా అదరడం, కంటిపాప వెడల్పవడం, ఉన్నట్టుండి గురగుర ఆగిపోవడం, తల గిరుక్కున చేతి వైపు తిరగడం. వీటిలో ఒకటి కనిపించినా చెయ్యి తీసేయాలి. గురగురమంటోంది కదా, నచ్చింది అనుకోవడం కూడా సరి కాదు. నొప్పితో ఉన్న పిల్లి, ఆఖరి గడియల్లో ఉన్న పిల్లి కూడా గురగురమంటుంది. కళ్లు సగం మూసుకుని, కాళ్లు వదులుగా ఉంటేనే అది సుఖం.

కొత్త పిల్లికి మొదటి వారం తల, బుగ్గలు, గడ్డం మాత్రమే. రెండో వారం భుజం నుంచి మణికట్టు దాకా వేళ్ల వెనక భాగంతో ఒకటి రెండు సార్లు. మూడో వారం పాదం, ఒక్కోదానికి ఒక సెకను. ముట్టడం, వదలడం, వెంటనే ముక్క పెట్టడం. ముక్క ముందు పెట్టి పాదం తర్వాత పట్టుకుంటే పిల్లి గిన్నె చూస్తేనే పారిపోవడం నేర్చుకుంటుంది. వరస తిరగబడకూడదు. వీధిలోంచి వచ్చిన పెద్ద గండుపిల్లికి ఈ మూడు వారాలు మూడు నెలలు కావచ్చు, కానివ్వండి. పిల్లికూనలకైతే రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషులకు అలవాటు పడే వయసు. ఆ రోజుల్లో తల్లి ఎదురుగానే రోజుకు కొద్ది నిమిషాలు పాదాలు, చెవులు సుతారంగా ముట్టుకుంటే పెద్దయ్యాక బాధ ఉండదు.

అయిదు నిమిషాల వరస

తల దగ్గర మొదలుపెట్టి, వెనక పాదాల దగ్గర ముగించాలి. పిల్లులకు బుగ్గలు, గడ్డం, చెవి మొదళ్లు ఇష్టమైన చోట్లు, అక్కడ వాసన గ్రంథులుంటాయి. తోక మొదలు, పొట్ట చాలా పిల్లులకు నచ్చవు. అందుకని పొట్ట మన వరసలోనే లేదు.

మొదటి ఒకటిన్నర నిమిషం చెవులకు, ముఖానికి. పిల్లి మీకు పక్కగానో, వీపు మీ వైపుగానో ఉండాలి. ఎదురుగా మీదికి వంగితే బెదురుతుంది. రెండు వేళ్లతో చెవి మొదట్లో చిన్న సున్నాలు, ఒక్కో చెవికి పది. తర్వాత చెవి రెక్కను బొటనవేలికి, చూపుడువేలికి మధ్య తేలిగ్గా పట్టి మొదలు నుంచి కొస దాకా అయిదుసార్లు జార్చండి. లాగకూడదు, మడవకూడదు, చెవి లోపలికి వేలు పోకూడదు. అక్కణ్నించి బుగ్గలు, మీసాలు మొలిచే దిశలోనే. చివరికి గడ్డం కింద.

తర్వాతి నిమిషం మెడకు, భుజాలకు. అరచేయి ఆనించి, వెంట్రుకల వాటంగా, సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లు జరిగేంత నెమ్మదిగా. ఇక్కడ మనిషి తొందర పిల్లికి తెలిసిపోతుంది. వెన్నెముక ఎముక మీద నొక్కకండి, దానికి రెండు పక్కలా కండ మీదే చెయ్యి నడవాలి.

మూడో మెట్టు ముందు పాదాలు, ఒక్కోదానికి అర నిమిషం. ఎడమ అరచేతిని మణికట్టు కింద బల్లలా ఆనించండి, వేళ్లు ముడిచి బిగించకండి. కుడి చూపుడువేలితో మధ్య మెత్త మీద నాలుగు సెకన్లు ఆనించి, ఎడమ నుంచి కుడికి అర్ధచంద్రంగా రెండుసార్లు తిప్పండి. తర్వాత ఒక్కో వేలి మెత్త మీద రెండు సెకన్లు. ఆఖర్న వేలిని పైనుంచి బొటనవేలితో, కిందనుంచి చూపుడువేలితో కలిపి అతి తేలిగ్గా అదిమితే గోరు బయటికి వస్తుంది. చూసి వదిలేయండి. పాదం లాక్కుంటే పట్టుకుని ఆపకూడదు, లాక్కోనివ్వాలి. లాక్కోవచ్చని తెలిసిన పిల్లే మళ్లీ ఇస్తుంది.

నాలుగోది వీపు పక్కలు, నడుము దాకా, అర నిమిషం చాలు. ఆఖరి నిమిషం వెనక పాదాలకు. అవి పొట్ట దగ్గర ఉంటాయి కాబట్టి పిల్లి ఒత్తిగిలి పడుకున్నప్పుడే, పైకి ఉన్న కాలికే చేయండి. రెండోది రేపు చేయొచ్చు. ఏ పూటైనా పిల్లి తల దగ్గరే చాలనుకుంటే అక్కడే ఆపి ముక్క పెట్టేయండి. అయిదు నిమిషాలన్నది గరిష్ఠం, పూర్తి చేసి తీరాల్సిన లెక్క కాదు.

చేతికి ఏం తగులుతుంది

అసలు ఫలం ఇక్కడుంది. మెత్త మామూలుగా నునుపుగా, కొంచెం స్పంజిలా ఉంటుంది. గాటు, చీలిక, ఒకే వేలి దగ్గర వేడి, ముట్టుకోగానే ఉలికిపాటు, వీటిలో ఏది ఉన్నా టార్చి వేసి చూడండి. కాలవగట్ల మీద తిరిగే పిల్లులకు పల్లేరుకాయ ముళ్లు, చెరువుల దగ్గర తిరిగేవాటికి గుల్లల పెంకులు, కల్లాల రోజుల్లో వేళ్ల మధ్య ఊక, ధాన్యపు ముళ్లు సర్వసాధారణం. పైకి కనిపించే ముల్లును ప్లకరుతో గుచ్చుకున్న వాలులోనే లాగండి. చర్మం కింద విరిగితే పిన్నీసుతో తవ్వకండి, డాక్టరు దగ్గర తీయించండి. రొయ్యల చెరువులకు సున్నం, బ్లీచింగ్ చల్లిన రోజుల్లో తొక్కి వచ్చిన పిల్లి పాదాలు ఎర్రబడి మండుతుంటాయి. నాకనివ్వకుండా ధారగా పోసే మంచినీళ్లతో పది నిమిషాలు కడగాలి. ఫినాయిల్ వేసి తుడిచిన గచ్చు కూడా ఇలాగే చేస్తుంది. పిల్లి ఉన్న ఇంట్లో గచ్చును సబ్బునీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే దాన్ని రానివ్వడం మేలు.

మధ్య మెత్త ఉబ్బి, మెత్తబడి, ఊదారంగుకు తిరిగి, మీద తెల్లని గీతలు పడితే దెబ్బ అనుకోకండి. శరీరపు రక్షణ వ్యవస్థ తిరగబడటం వల్ల వచ్చే వాపు ఒకటి అలాగే ఉంటుంది, దానికి మందులున్నాయి. పదేళ్లు దాటిన పిల్లులు గోళ్లు సరిగా గీసుకోలేవు. ముఖ్యంగా నేలకు తగలని బొటనవేలి గోరు గుండ్రంగా తిరిగి మెత్తలోకే దిగబడుతుంది. గోరు తీసేటప్పుడు వెలుతురులో చూస్తే లోపల గులాబీరంగు భాగం కనబడుతుంది. దానికి రెండు మిల్లీమీటర్ల ఇవతలే కత్తిరించాలి. రోజుకు ఒకటి రెండు గోళ్లు చాలు.

చెవిలో కాఫీపొడిలాంటి నల్లటి మురికి, దానితో పాటు తల విదిలించడం ఉంటే చెవి పురుగులు. కూనల్లో ఎక్కువ, ఒకదాని నుంచి ఒకదానికి అంటుతాయి. నూనె పోస్తే తగ్గదు. చెవి రెక్క దిండులా ఉబ్బితే లోపల రక్తం చేరినట్టు, అక్కడ రుద్దకూడదు. తెల్ల చెవుల పిల్లికి చెవి కొసన మానని పక్కు ఉంటే, ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ కావచ్చు, ఆలస్యం చేయొద్దు. చెవి లోపలి చర్మం, చిగుళ్లు పసుపురంగుకు తిరిగితే కామెర్లు. చిగురును వేలితో అదిమి వదిలితే రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీరంగు రావాలి. సామూహిక ఎలుకల నిర్మూలన పేరుతో చేలల్లో బ్రోమోడయోలోన్ ఎర పెట్టిన వారంలో చిగుళ్లు రోజూ చూడండి. విషం తిన్న ఎలుకను తిన్న పిల్లి మొదటి రెండు మూడు రోజులు మామూలుగానే ఉంటుంది. తర్వాత చిగుళ్లు పాలిపోతాయి, ఒంట్లో ఎక్కడో ఒకచోట రక్తస్రావం మొదలవుతుంది. దీనికి విటమిన్ కె1 విరుగుడు ఉంది, వేళకు అందాలి.

వర్షాకాలంలో గుండ్రంగా వెంట్రుకలు ఊడి, అంచులు పొలుసులు కడితే తామర. ఇది మనుషులకు, పిల్లలకు అంటుతుంది. నిమిరితే ఒళ్లంతా పాకుతుంది. తగ్గేదాకా ఈ వరస ఆపేయాలి. వెంట్రుకల మొదట్లో నల్లటి నలుసులు కనిపిస్తే తడి దూది మీద రాయండి. ఎర్రగా కరిగితే అది ఫ్లీ పురుగుల రెట్ట. వాటికి కుక్కల కోసం అమ్మే చుక్కలమందు పిల్లి మీద పోయకండి. వాటిలో చాలావాటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి వణుకు, ఫిట్సు తెప్పించి చంపగలదు.

చేసిన రోజే చిన్న నోటుపుస్తకంలో రాసుకోండి. నిద్రలో ఉండగా ఛాతీ ఎగసిపడటం 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేస్తే నిమిషానికి శ్వాసలు వస్తాయి. 30 దాటడం మాటిమాటికీ కనిపిస్తే గుండె, ఊపిరితిత్తులు చూపించాలి. నెలకోసారి పిల్లిని ఎత్తుకుని కాటా ఎక్కి, మీ బరువు తీసేయండి. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గిందంటే ఒంట్లో పదో వంతు పోయినట్టు. మన దగ్గర పశువుల ఆసుపత్రుల్లో గేదెలు, ఆవులు, మేకలు ఎక్కువ వస్తాయి. మీరు ఈ అంకెలతో వెళితే డాక్టరుగారికి మీ పిల్లి సంగతి సగం తెలిసినట్టే. సంచార పశువైద్య సేవల నంబరు 1962.

ముట్టుకోకూడని వేళలు

పిల్లి ఉన్నట్టుండి గట్టిగా అరుస్తూ వెనక కాళ్లు ఈడుస్తుంటే, వెనక పాదాలు ముందు పాదాల కన్నా చల్లగా, మెత్తలు పాలిపోయి గానీ నీలంగా గానీ ఉంటే, అది పక్షవాతం కాదు. కాళ్లకు పోయే పెద్ద రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. నూనె రాసి కాళ్లు తోమడం, వేడి కాపడం పెట్టడం వల్ల నొప్పి పెరుగుతుంది, గంటలు వృథా అవుతాయి. అలాగే గంపలో పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మగపిల్లి మాటిమాటికీ మట్టిలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతే మూత్రనాళం మూసుకుపోయింది. మలబద్ధకం అనుకుని పొట్ట నొక్కేవాళ్లున్నారు. నిండిన మూత్రాశయం పగిలిపోవచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోయే స్థితి ఇది, రాత్రయినా సరే డాక్టరుకు ఫోన్ చేయాల్సిందే. రెండు రోజులుగా ఏమీ తినని పిల్లికి, ముఖ్యంగా లావు పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. దానికీ పాదాల నిమురుడు మందు కాదు.

చూడితో ఉన్న పిల్లి సుమారు 63 నుంచి 65 రోజులు మోస్తుంది. ఆ రోజుల్లో తల, బుగ్గలు చాలు. కొట్లాడి వచ్చిన గండుపిల్లి ఒంటి మీద వేడిగా ఉబ్బిన గడ్డ ఉంటే అది చీముగడ్డ, చుట్టుపక్కల కూడా అదమకండి. ముందు పాదం ఒక్కసారిగా వాచి పిల్లి మత్తుగా పడుంటే పాము కాటు కావచ్చు. కాలు కట్టేయడం, తోమడం రెండూ చేయకూడదు. ముసలి పిల్లి కీళ్లనొప్పులకు మాత్రం ఈ పద్ధతి కొంత హాయినిస్తుంది. కీలు మీద కాకుండా, కీలుకు పైనా కిందా ఉన్న కండ మీద. డిసెంబరు, జనవరి పొద్దుల్లో గోరువెచ్చని బియ్యం మూట పక్కన పెడితే అదే వచ్చి ఆనుకుంటుంది. మూటను ముందు మీ మణికట్టు లోపలి వైపు ఆనించి వేడి చూసుకోండి.

నూనెల గురించి ఖండితంగా చెప్పాలి. ఈ పనికి ఏ నూనే అక్కర్లేదు, పొడి చేతులు చాలు. యూకలిప్టస్, లవంగ నూనె, టీట్రీ, కర్పూరం, నొప్పుల బామ్, డెట్టాల్, ఇవన్నీ పిల్లికి విషాలే. కొన్ని రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి మనకున్నంతగా పిల్లి కాలేయానికి లేదు. అదే కారణంగా మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పిల్లిని చంపగలదు. సగం ముక్క కూడా వేయకండి.

కరిచినా, గీరినా ఆ గాయాన్ని ధారగా పారే నీళ్లు, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగండి. సొంత పిల్లే కదా అనుకోకండి. పిల్లికి కూడా మూడు నెలల వయసు నుంచి రేబిస్ టీకా వేయించి, డాక్టరు చెప్పిన లెక్కన మళ్లీ వేయిస్తుండాలి.

వరదొచ్చే రోజులకు

లంక గ్రామాల వాళ్లకు, ఏటిగట్టు దిగువన ఉండేవాళ్లకు ఈ అలవాటు ఇంకో రకంగా ఉపయోగం. జులై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక ఇచ్చేసరికి సామాన్లు సర్దడం మొదలవుతుంది. ఆ హడావిడిలో పిల్లి అటకెక్కి దాక్కుంటుంది, దొరకదు. అందుకని జూన్ నుంచే మూతున్న వెదురు గంపను, లేదా గాలి ఆడే ప్లాస్టిక్ బుట్టను చాప పక్కన తెరిచి ఉంచండి. రోజూ నిమిరే పాత చీరను గంపలోనే పరిచి, ముక్క గంప అంచున పెట్టండి. వారానికి లోపలికి పోతుంది. తర్వాత చెవులు, బుగ్గల వరస గంపలోనే చేయండి. పాదాలు అక్కడ వద్దు, ఇరుకులో పాదం పడితే గంప మీదే పగ పడుతుంది. ఆఖరి మెట్టుగా మూత ఒక సెకను మూసి తెరవడం, మర్నాడు అయిదు, తర్వాత ముప్పై, అలా ఎత్తుకుని వీధి చివరిదాకా.

తన బుగ్గల వాసన పట్టిన బట్ట పక్కనుంటే పడవలోనూ, పునరావాస కేంద్రంలోనూ పిల్లి కొంత కుదురుగా ఉంటుంది. కేంద్రంలో మొదటి రోజు నిమరడానికి ప్రయత్నించకండి. గంప మీద గుడ్డ కప్పి, చీకటిగా, జనానికి దూరంగా ఉంచి, చిన్న గిన్నెతో నీళ్లు, గంపలో ఒక మూల కాస్త పొడి ఊకో ఇసుకో పెట్టండి. అది తనంతట తాను వేలికి బుగ్గ రాసినప్పుడు చెవుల దగ్గర మొదలుపెట్టొచ్చు. ఇల్లు చేరాక గంప మూత తీసేముందు ఇల్లంతా ఒకసారి చూడండి. వరద నీటితో కొట్టుకొచ్చిన పాములు సందుల్లో, అటకల మీద ఉంటాయి. తలుపులు మూసిన ఒకే గదిలో వదిలి, రెండు రోజులు అక్కడే తిండి పెట్టండి. ఆ రెండు రోజులూ పాదాలు, వేళ్ల సందులు ప్రతి పూటా చూస్తుండాలి. బురదలో నానిన మెత్తలు తెల్లబడి చీలుతాయి, పొడిగుడ్డతో అద్ది ఆరనివ్వండి.